మిద్దె మీద ఆరుతున్న తిత్తి

ముందు వినిపించింది ఒక మూలుగు.

ఎద్దుది కాదు, ఓడది కాదు, చర్చి ఆర్గనుది అంతకన్నా కాదు. సన్నగా మొదలై, లావెక్కి, ఒక్క స్వరం మీద నిలబడి, మిద్దెల మీదుగా సాగి, మళ్ళీ సన్నగిల్లి ఆగిపోయింది. పండుగ వారంలో గోజో దీవిలోని ఆ ఊరికి చప్పుళ్ళు కొత్త కాదు. తెల్లవారకముందే గంటలు, గంటల వెంట బాణసంచా, బాణసంచా వెంట కుక్కల మొరుగుళ్ళు రోజూ ఉన్నవే. ఈ మూలుగు మాత్రం ఎవరూ ఎరగనిది. పక్క మిద్దె మీద గొర్రెపాల జున్నుబిళ్ళలను తడక మీద పేరుస్తున్న జోజా పిన్ని చేతిలోని బిళ్ళ చేతిలోనే ఆగింది.

మూలుగుకు కారణం రోమినా, బాండుమాస్టరు విస్తిన్ గారి ఒక్కగానొక్క కూతురు. తల్లి ఆరేసిన దుప్పట్ల నీడన కూర్చుని, ముడతలు ముడతలుగా ఉన్న నల్లని రబ్బరు గొట్టంలోకి ఆమె చిన్న బ్లోయరుతో గాలి కొడుతోంది. అలాంటి గొట్టంలోకి గాలి జోరుగా దూరితే అది పాడుతుంది. అందులో రోమినా ప్రమేయం ఏమీ లేదు. ఆమెకు కావలసింది పాట కాదు, పొడి.

ఆ గొట్టం రీబ్రీదర్ అనే యంత్రంలోని భాగం. నీటి అడుగున మనిషి వదిలిన ఊపిరిని పారబోయకుండా, సున్నపు గుళికల డబ్బాలోంచి పోనిచ్చి శుభ్రం చేసి, కాస్త ఆక్సిజన్ కలిపి, తిరిగి ఆ మనిషికే అందించే యంత్రం అది. ఇంత పొదుపరి యంత్రానికి ఒక్కటే జబ్బు: ఊపిరిలోని తడి అంతా దాని కడుపులోనే మిగిలిపోతుంది. నీళ్ళలోంచి పైకి వచ్చాక సగం పని అప్పుడే మొదలవుతుంది. మంచినీళ్ళతో కడగాలి, మందునీళ్ళలో నానబెట్టాలి, మళ్ళీ కడగాలి, ఊపిరి నిండే సంచుల మూతులు కిందికి పెట్టి వేలాడదీయాలి, ఎండ తగలకుండా గాలి తగలనివ్వాలి. బద్ధకించి తడిమీద మూసిపెడితే లోపల బూజు పడుతుంది. సముద్రం అడుగున ఆ బూజును గుండెనిండా పీల్చుకున్నవాళ్ళకు పైకి వచ్చాక దగ్గడమే పని అవుతుంది.

మధ్యాహ్నానికి ఆరాలి, సాయంత్రానికి బిగించాలి, తెల్లవారి పడవ ఎక్కాలి. ఇదీ రోమినా అనుకున్నది. రేపటి పడవ మామూలు పడవ కాదు. లోతున మునిగి ఉన్న పాత ఓడ దగ్గరికి విదేశీ ఈతగాళ్ళను తీసుకుపోతోంది. వాళ్ళకు ముందు నడిచే పని మొట్టమొదటిసారి ఆమెకు దక్కింది. పడవ యజమాని జెప్పి నోట మంచి మాట రావడం అరుదు. ప్రతి యంత్రాన్నీ తానే విప్పి, లోపలికి ముక్కు పెట్టి వాసన చూస్తాడు. ఏమాత్రం చెమ్మ తగిలినా, ఏమాత్రం అనుమానం కలిగినా, ఆ మనిషి గట్టు మీదే. ఆమె గట్టు మీద మిగిలితే ఆ చోటు జెప్పి మేనల్లుడిది, ఈ ఒక్క రోజుకే కాదు, సీజను మొత్తానికి. మేనల్లుడు అప్పటికే పడవ ముందు నిలబడి ఫొటో కూడా దిగాడు.

యంత్రం కోసం రోమినా ఇచ్చుకున్నది చిన్నదేమీ కాదు. తాతగారి క్లారినెట్‌ను అమ్మేసింది. నాన్న నడిపే లాంతరు బాండులో ఆమె రెండవ క్లారినెట్. ఆ బాండు కొలిచే పునీత రోకు వారి ఊరేగింపులో మూడు తరాలుగా ఆ ఇంటి క్లారినెట్ మోగని సంవత్సరం లేదు. అది అమ్ముడుపోయిన రోజున విస్తిన్ కేకలు వేయలేదు. కూతుర్ని పేరు పెట్టి పిలవడం మానేశాడు, అంతే. ఏడాదిగా ఆమె ఆయనకు "అది". కోపం ఎక్కువైన రోజున "ఆ చేప". మిద్దె మీద ఆరేది ఏమిటో చూడడానికి ఆయన ఒక్కసారి కూడా మెట్లెక్కలేదు. ఆరబెట్టడం ఆమె కూడా ఒక్కరోజు మానలేదు.

జోజా పిన్ని దుప్పట్ల సందులోంచి చూసింది. నల్లని సంచి, సంచికి గొట్టం, గొట్టం చివర నోట పెట్టుకునే ముక్క. దానికి తోడు ఆ మూలుగు. పిన్ని ఒంటి మీద రోమాలు లేచాయి. దూడతోలును నిలువునా ఒలిచి కుట్టి, ఊది వాయించే పాతకాలపు తిత్తి ఆమె చిన్నతనంలో ఊళ్ళో ఉండేది. వాయించిన ముసలాయన పోయాక ఊరికి ఆ వాద్యం లేదు. ఇన్నేళ్ళకు అది మళ్ళీ వచ్చింది. వచ్చి వచ్చి లాంతరు వాళ్ళ ఇంటి మీద దిగింది. జోజా పిన్నిది తెరచాప బాండు కుటుంబం.

ఇక్కడ ఒక సంగతి. ఆ ఊళ్ళో బాండులు రెండు, పునీతులు ఇద్దరు. విగ్రహం పక్కన బురుజు ఉన్నందుకు లాంతరు వాళ్ళు తెరచాప వాళ్ళ పునీతురాలిని "బురుజావిడ" అంటారు. విగ్రహం కాళ్ళ దగ్గర కుక్క ఉన్నందుకు తెరచాప వాళ్ళు లాంతరు వాళ్ళ పునీతుడిని "కుక్కాయన" అంటారు. అవతలివారి పునీతుల పేరు పలికితే నాలుక పాడవుతుందని రెండు వైపులా నమ్మకం. ఎవరు ఏ వీధిలో వాయించాలి, ఎవరి జెండా ఎంత పొడవుండాలి, పెళ్ళిళ్ళు ఎవరివి, శవయాత్రలు ఎవరివి, అన్నీ ఫాదరుగారి ముందు కుదిరిన ఒప్పందాలే. అవతలివారికి చెప్పకుండా ఏ బాండూ కొత్త వాద్యం తేరాదన్నది అందులో మొదటి మాట.

జోజా పిన్ని జున్ను వదిలేసి తెరచాప బాండు పెద్ద ఇంద్రి దగ్గరికి పోయింది. విస్తిన్ కూతురు క్లారినెట్ అమ్మింది ఈతకు కాదట, అదంతా నాటకమట, ఏడాదిగా తండ్రీకూతుళ్ళు మాట్లాడుకోకపోవడం కూడా నాటకమేనట, ఆదివారం ఊరేగింపులో తిత్తి ఊది మనల్ని తలెత్తుకోకుండా చేస్తారట. తండ్రీకూతుళ్ళు ఏడాదిపాటు మాట్లాడుకోకుండా ఉండగలరని ఇంద్రి అంతకుముందు కూడా నమ్మలేదు. ఇప్పుడు అన్నీ అతికినట్టు సరిపోయాయి. నేరుగా ఫాదర్ నికోల్ దగ్గరికి పోయి, ఒప్పందం మంటగలిసిందనీ, ఇక తమ వాళ్ళు కూడా నచ్చిన వాద్యం తెచ్చుకుంటారనీ, కావాలంటే ఏనుగును కూడా తెస్తారనీ చెప్పాడు.

ఫాదర్ నికోల్ శాంతిని కోరే మనిషి. పండుగ వారంలో మరీ కోరుకుంటాడు. గాజుగ్లాసులో టీ తాగుతున్న విస్తిన్ దగ్గరికి ఆయన లాంతరు క్లబ్బుకే నడిచి వచ్చాడు, వెనకే ఇంద్రి. పొద్దున మూలిగిన తిత్తి ఒకటి మీ మిద్దె మీద ఉందట నిజమేనా అని మెల్లగా అడిగాడు.

విస్తిన్‌కు తిత్తి సంగతి ఏమీ తెలియదు. తెలియదని చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఆయన ఫాదరుగారి భుజం మీదుగా ఇంద్రి మొహం చూశాడు. ఆ మొహంలో భయం కనిపించింది. ముప్పై ఏళ్ళుగా ఆ మొహం మీద చూడాలని ఆయన ఎదురుచూసిన భయం అది.

"ఉంది," అన్నాడు విస్తిన్.

"మరి మాకు చెప్పలేదేమయ్యా?" అన్నాడు ఇంద్రి.

"ఇప్పుడు చెప్పానుగా. ఇవ్వాళ సాయంత్రం క్లబ్బు కిటికీలు తెరిచే ఉంచుతా. చౌకులో నిలబడి విను. కుర్చీ తెచ్చుకో, కాళ్ళు వణుకుతాయి నీకు."

వాళ్ళు వెళ్ళగానే విస్తిన్ ఇంటికి పరుగు తీశాడు. ఏడాదిలో మొదటిసారి మిద్దె మెట్లెక్కాడు. భార్య చర్చిలో వెండి కొవ్వొత్తి స్తంభాలు తోముతోంది, కూతురు సున్నపు గుళికల కోసం పట్నం పోయింది. దుప్పట్ల మధ్య నల్లని సంచులు గాలికి మెల్లగా ఊగుతున్నాయి. విస్తిన్ కళ్ళు చెమర్చాయి. అయితే ఆ చేప ఇంతకాలం చేసింది ఇదా. క్లారినెట్ ఇచ్చి, అంతకన్నా పాతది, అంతకన్నా గొప్పది ఇంటికి తెచ్చిందా. చెప్పొచ్చుగా. అడిగి ఉంటే చెప్పేదేమో. ఆ చివరి ఆలోచనను ఆయన వెంటనే తోసేసి, సంచులను, గొట్టాలను ఎత్తుకుని, పసిబిడ్డను మోసినట్టు గుండెలకు హత్తుకుని దిగాడు.

రోమినా తిరిగి వచ్చేసరికి తాడు మీద దుప్పట్లు మాత్రమే ఉన్నాయి. పక్క మిద్దె మీద జోజా పిన్ని జున్ను తిరగేస్తూ తీరిగ్గా ఉంది.

"మీ నాన్న ఎత్తుకుపోయాడే," అంది పిన్ని. "ముద్దు కూడా పెట్టుకున్నాడు. ఇంకా మాటల్లేవని మాకు చెప్పండి, వింటాం."

రోమినాకు ఏమీ అర్థం కాలేదు గాని కాళ్ళు మాత్రం క్లబ్బు వైపు పరుగెత్తాయి.

క్లబ్బు మేడమీది బాండుగదిలో అప్పటికి ఊదనివాడు లేడు. ముందు ట్రంపెట్ల వాళ్ళు ఊదారు, తర్వాత ట్రాంబోన్ల వాళ్ళు. ఏం లాభం. ఆ యంత్రానికి ఊపిరి ఒకవైపే పోయేట్టు లోపల కవాటాలు ఉంటాయి. ఊదినది సంచిలోకి పోతుంది, పీలిస్తే వాళ్ళ ఊపిరే వాళ్ళకు తిరిగి వస్తుంది, చప్పుడు మాత్రం రాదు. పెద్ద బాకా వాయించే సాల్వు మామ ఊరి మొత్తం మీద గట్టి ఊపిరి గలవాడు. బుగ్గలు చీలేదాకా ఊదాడు. తాను పొద్దున తిన్న ఉల్లిపాయ తనకే తిరిగి వచ్చిందని చెప్పి కుర్చీలో కూలబడ్డాడు.

తోలు బిగిసిపోయి ఉంటుందని అందరూ తేల్చారు. ఎండిన తోలుకు ఆలివ్ నూనె పడితే మెత్తబడుతుందని వంటగదిలోంచి సీసా తెచ్చారు. సాల్వు మామ బిరడా తీసి, మొదటి చుక్కకు సీసా వంచబోతుండగా రోమినా తలుపు దగ్గరికి వచ్చింది.

"సీసా కింద పెట్టు మామా." ఆమె గొంతు పెంచలేదు. "ఆక్సిజన్ తగిలే చోట నూనె పడితే అంటుకుంటుంది. నా శవయాత్రకి బాండు మీరే వాయించాల్సొస్తుంది."

సాల్వు మామ సీసా నిలబెట్టాడు. "మేమెలా వాయిస్తాం తల్లీ," అన్నాడు బాధగా. "శవయాత్రలు తెరచాప వాళ్ళవి."

విస్తిన్ కూతురి వైపు చూడకుండా సాల్వు వైపు తిరిగాడు. "ఇదెలా వాయించాలో దాన్ని అడుగు."

"ఇది వాయించేది కాదు, పీల్చేదని ఆయనకి చెప్పు," అంది రోమినా, తాను కూడా సాల్వు వైపే చూస్తూ.

ఆ తర్వాత కొంతసేపు సంభాషణ అంతా సాల్వు మామ మెడ మీదుగా నడిచింది. ఇది తిత్తి కాదని, తోలు అంతకన్నా కాదని, నీళ్ళలో ఊపిరి పీల్చే యంత్రమని ఆమె చెప్పించింది. పొద్దున మూలిగింది మరేమిటని ఆయన అడిగించాడు. గొట్టం ఆరబెడితే వచ్చిన చప్పుడని ఆమె చెప్పించింది. విస్తిన్ కిటికీలోంచి కిందికి చూశాడు. చౌకులో ఇంద్రి నిజంగానే కుర్చీ తెచ్చుకున్నాడు. ఇంద్రి వెనక తెరచాప బాండు మొత్తం, వాళ్ళ వెనక వాళ్ళ పిల్లాజెల్లా, ఒక పక్కగా ఫాదరుగారు. పండుగ దుకాణాల వాళ్ళు అప్పుడే నువ్వుల మిఠాయి అమ్ముతున్నారు.

"ఆ మూలుగు ఒక్కసారి రప్పించమను," అన్నాడు విస్తిన్ నీరసంగా. "ఒక్కసారి చాలు. కిటికీ దగ్గర."

"రప్పించనని చెప్పు మామా. మీరంతా దీంట్లో ఉమ్మారు. ఉల్లిపాయ వాసన ఇక్కడిదాకా వస్తోంది. మళ్ళీ కడగాలి, మళ్ళీ నానబెట్టాలి, మళ్ళీ ఆరాలి. తెల్లారి నా పడవుంది. బాండు పరువు కోసం నేను క్షణం కూడా ఖర్చుపెట్టను. పరువు పోతే వచ్చే ఏడు పండక్కి మళ్ళీ తెచ్చుకోండి."

ఆ గదిలో బాండుమాస్టరుతో అలా మాట్లాడిన మనిషి అంతవరకు లేడు. అందరూ తమ వాద్యాల వైపు చూసుకున్నారు. రోమినా సంచులను తీసుకుని క్లబ్బు వంటగదిలోకి పోయి నీళ్ళు తిప్పింది.

మందునీళ్ళలో నాని, మంచినీళ్ళలో మళ్ళీ మునిగి, సంచులు వంటగది తలుపుకు వేలాడాక, ఆమె గొట్టం తుడవడం మొదలుపెట్టింది. దారం చివర కట్టిన మెత్తని గుడ్డను ఒక చివరనుంచి వదిలి, రెండో చివరనుంచి లాగి, తిప్పి, మళ్ళీ వదిలి, మళ్ళీ లాగింది. విస్తిన్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వాయించడం అయ్యాక క్లారినెట్‌ను అలాగే తుడవాలని నేర్పింది ఆయనే. తడి వాద్యాన్ని పెట్టెలో పెట్టేవాడు సంగీతానికి ద్రోహి అని కోప్పడి నేర్పాడు. ఆ గుడ్డ కూడా ఆయన ఇచ్చినదే. క్లారినెట్ పోయింది గాని గుడ్డ పోలేదు.

ఆయన వెనక్కి తిరిగి, బాండుగదిలోని గోడ ఫ్యానులన్నిటినీ విప్పి తెమ్మన్నాడు. జెండాలు ఆరబెట్టే పెద్ద ఫ్యాను కిందినుంచి తెప్పించాడు. ట్రంపెట్లకు ఒక సంచి, ట్రాంబోన్లకు ఒక సంచి అప్పగించి, మూతి తెరిచి పట్టుకోమని, తాను చెయ్యి ఊపినప్పుడల్లా పక్కకు తిప్పమని, ఎవడైనా ఊదితే పండుగకు ఇంట్లోనే కూర్చోవాలని చెప్పాడు. లయ తప్పకుండా సంచులు తిరిగాయి. సాల్వు మామకు గొట్టం దక్కింది, నోటికి దూరంగా పట్టుకోవాలన్న షరతు మీద. గొట్టం ఏమీ పాడలేదు. ఫ్యానుల గాలికి అంత జోరు లేదు. కింద చౌకులో జనానికి వినిపించింది రెక్కల చప్పుడు మాత్రమే.

ఎండ వాలింది. రోమినా సంచిలోకి వేళ్ళు పోనిచ్చి మూలమూలలా తడిమింది. పొడి. ముక్కు పెట్టి చూసింది. ఏ వాసనా లేదు, ఉల్లిపాయది కూడా లేదు. రబ్బరు వలయాలను ఒక్కొక్కటే తుడిచి, ఆక్సిజన్‌కు అంటుకోని గ్రీజు సన్నగా రాసి, ఇంటినుంచి తెప్పించిన మిగతా యంత్రానికి అన్నీ బిగించి, గాలి ఎక్కడా కారడం లేదని సరిచూసుకుని, యంత్రాన్ని భుజానికెత్తుకుని మెట్లు దిగింది. బాండు మొత్తం వెనకే దిగింది. విస్తిన్ అందరికన్నా వెనక.

చౌకులో జెప్పి నిలబడి ఉన్నాడు. కబురు రేవుదాకా పోయింది, పోతూ పోతూ పెరిగింది. రోమినా తన యంత్రాన్ని కోసి తిత్తి కుట్టిందని అతను విన్నాడు. ముందు యంత్రాన్ని కింద పెట్టించి, మూత విప్పి, లోపలికి ముక్కు పెట్టాడు. చాలాసేపు పెట్టాడు.

"నా షెడ్డులో కూడా ఇంత పొడిగా ఆరదు," అన్నాడు చివరికి. "కానీ నిన్ను తీసుకుపోలేను."

"ఎందుకన్నా?" అంది రోమినా.

"ఇది వాద్యమని మీ నాన్న ఫాదరుగారి ముందు ఒప్పుకున్నాడట. ఊరి బాండుమాస్టరు వాద్యమన్నదాన్ని నమ్ముకుని జనాన్ని నీళ్ళలోకి దింపితే, రేపు ఏదన్నా అయితే నన్నెవరూ క్షమించరు. ఏదో ఒకటి తేల్చుకోండి. తిత్తయితే గట్టు మీద ఉంటుంది. కాకపోతే పడవెక్కుతుంది."

జనమంతా విస్తిన్ వైపు తిరిగారు. కాదంటే ఆయన అబద్ధమాడినట్టు. అదీ ఫాదరుగారితో, అదీ పండుగ వారంలో, అదీ ఇంద్రి కుర్చీ వేసుకుని కూర్చోగా. అవునంటే ఆదివారం దాకా తిత్తి బతుకుతుంది, ఆ తర్వాత ఏదో జబ్బుచేసిందని చెప్పవచ్చు. లాంతరు బాండు ఊపిరి బిగబట్టింది. రోమినా తండ్రిని బతిమాలలేదు. యంత్రాన్ని మళ్ళీ భుజానికెత్తుకుని, పట్టీ బిగించి, ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. ఏడాదిలో ఆమె కూడా అలా చూడలేదు.

విస్తిన్ ముందుకు వచ్చాడు.

"తిత్తి కాదు," అన్నాడు. "పొద్దున నేను అబద్ధం చెప్పాను. ఫాదరుగారూ, శనివారం పాపసంకీర్తనానికి వస్తాను, ఇంద్రి మొహం చూసి చెప్పానని అక్కడ కూడా చెప్తాను. మా దగ్గర తిత్తి లేదు. ఇది సముద్రం అడుక్కి పోయే యంత్రం. మా బాండు మొత్తం కలిసి ఆరబెట్టింది. నీ బాండు ఎప్పుడైనా ఏదైనా ఇంత పొడిగా ఆరబెట్టిందా ఇంద్రీ?"

తెరచాప వైపు నవ్వులు లేచాయి. ఇంద్రి కుర్చీలో వెనక్కి వాలి కాలు మీద కాలు వేసుకున్నాడు. ఇలాంటి సాయంత్రం తన జీవితంలో మళ్ళీ రాదని అతనికి తెలుసు, దాన్ని తొందరగా ముగించే ఉద్దేశం అతనికి లేదు.

"యంత్రమే అనుకుందాం," అన్నాడు. "ఎవరిది?"

"నా కూతురిది."

"నీకు కూతురుందా? ఏదో చేప ఉందని విన్నాం. ఏడాదయింది, దాని పేరేంటో నీ నోట మేమెవరం వినలేదు."

జెప్పి తల ఊపాడు. పేరు తనకు కూడా కావాలన్నాడు. రేపు ముందు దిగేది ఎవరని విదేశీయులు అడిగితే చేప అని చెప్పడం బాగుండదన్నాడు.

విస్తిన్ కోటు సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. బాండుకు శ్రుతి ఇచ్చే మనిషిలా గడ్డం పైకెత్తి, చౌకు ఆ చివర మిఠాయి అమ్మేవాళ్ళకు సైతం వినబడేట్టు పలికాడు:

"రోమినా."